ఎంత దాకా?

మిర్యాలగూడలో మిల్లుల పక్కన కాపురమంటే ఉతికిన బట్టలే మళ్లీ ఉతుక్కోవడం. ఊక కాల్చిన బూడిద చిమ్నీల్లోంచి లేచి, గాలి ఎటు తిరిగితే అటు వచ్చి, దండెం మీది చీరల మీదా, మూత పెట్టని బిందెల మీదా, నా కుట్టు మిషన్ మీదా నల్లగా వాలుతుంది. నేను జాకెట్లు కుడతాను. తెల్లటి లైనింగు బట్ట మీద బూడిద చుక్క పడిందంటే ఇక నా నోరు ఆగదు. మిల్లునీ, మిల్లు సేటునీ, మా ఆయననీ వరసపెట్టి తిట్టేదాన్ని. మా ఆయన ప్రశాంత్ ఆ మిల్లులోనే పని చేస్తాడు కనక, సేటుకు అందని తిట్లు కూడా ఆయనకే అందేవి.

ఆ ఏడు వానాకాలం కోతలప్పుడు ఒక పొద్దున మా బట్టలు తెల్లగానే ఉండిపోయాయి.

మొదట సంతోషపడ్డాను. దుప్పట్లు దులిపి ఆరేసి, ఇవాళ ఎవరి పుణ్యమో అనుకుంటూ మిషన్ దగ్గర కూర్చుని, ఒక జాకెట్టుకు రెండు చేతులూ ఎక్కించాను. అప్పుడు తట్టింది. కోతల కాలం. వడ్ల లారీలు మిల్లు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా బారు తీరి ఉన్నాయి. ఇలాంటప్పుడు మిల్లు ఆపరు. బయటికి వచ్చి చూస్తే పక్క మిల్లుల చిమ్నీలన్నీ పొగ వదులుతున్నాయి, మా మిల్లుది మాత్రం ఉత్తగా నిలబడి ఉంది. చేతిలో ఉన్న సూది ఎక్కడ పెట్టానో నాకు ఇప్పటికీ తెలియదు.

అంతలో బక్కమ్మ అత్త సందులోంచి వచ్చింది. ఆమె మిల్లులో కళ్లం ఊడుస్తుంది. పరుగెత్తి వచ్చినట్టుంది, కొంగు జారిపోయి ఉంది.

"దీపా, చెప్పులేసుకో."

"ఏమైంది అత్తా?"

"చెప్పులేసుకో బిడ్డా, జల్ది."

ఆ మాటతోనే నాకు సగం ప్రాణం పోయింది.

వడ్ల బిన్ను అంటే మూడంతస్తుల ఎత్తున్న ఇనుప గుమ్మి. పైన మూత, అడుగున గేటు. గేటు తెరిస్తే వడ్లు జారి మిషన్లోకి పోతాయి. ఆ ఏడు కోతల మీద వాన పడింది. తడి వడ్లు బిన్నులో అట్ట కడతాయి. అడుగు ఖాళీ అవుతున్నా పైన కప్పులాగా నిలబడిపోతాయి. అప్పుడు ఒక మనిషి నడుముకు తాడు కట్టుకుని పైనుంచి దిగి ఆ అట్టను గడ్డపారతో పొడిచి కూల్చాలి. ఇంకో మనిషి మూత దగ్గర తాడు పట్టుకుని కూర్చోవాలి. లోపల దుమ్ములో మనిషి కనపడడు కాబట్టి పైవాడు మాటిమాటికీ పిలుస్తుంటాడు. "ఉన్నవా?" అంటే లోపలివాడు "ఉన్న" అనాలి. పలుకు ఆగిందంటే కింద గేటు మూయించాలి. అదీ మిల్లు పద్ధతి. మా మిల్లులో దిగేవాడు మా ఆయన. తాడు పట్టేవాడు బక్కమ్మ అత్త భర్త గట్టయ్య. ఆయన తుంగతుర్తి వైపు నుంచి బతకడానికి వచ్చిన మనిషి. మా ఆయన ఆయన్ని కాకా అని పిలుస్తాడు, నాకు మామ వరస.

నేను వెళ్లేసరికి మా అత్తమ్మ ఉప్పలమ్మ బిన్ను దగ్గర నేల మీద మోకరించి గట్టిగా ప్రార్థన చేస్తోంది. పైన జనం. ప్రశాంత్ మీదికి ఇంకా వడ్లు జారకుండా పలకలు లోపలికి దించుతున్నారు, బకెట్లతో వడ్లు ఎత్తి పైకి అందిస్తున్నారు. నన్ను నిచ్చెన ఎక్కనివ్వలేదు.  పైన గట్టయ్య మామ ఒక్కడే బకెట్ల జోలికి పోకుండా తాడు నడుముకు చుట్టుకుని, వెనక్కి వాలి, కళ్లు మూసుకుని ఉన్నాడు. తాడు పట్టిన చోట ఎర్ర గుడ్డ చుట్టుకున్నాడనుకున్నాను. అది గుడ్డ కాదు, ఆయన అరచేతులు.

ఎంతసేపో నాకు లెక్క తెలియదు. ప్రశాంత్‌ను పైకి తీసి కిందికి దించినప్పుడు మనిషంతా దుమ్ము, కళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆ కళ్లు నన్ను వెతికి పట్టుకున్నాయి.

"ఏం కాలే," అన్నాడు. "మంచిగనే ఉన్న."

దవాఖానలో ఛాతీ ఫొటోలు తీశారు. ఎముకలు విరగలేదన్నారు. పడుకోబెట్టిన రెండో పూట ఆయనంతట ఆయనే ఒక మాట చెప్పాడు. లోపల ఊపిరి వదిలిన ప్రతిసారీ వడ్లు ఇంకాస్త బిగుసుకునేవట. చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడలేదట.

"ఒక్కటే మాట ఇనపడ్డది దీపా. కింద నుంచి ఎవరో గేటు మూసినం అని అరిసిండ్రు. కాళ్ల కింద జారుడు ఆగింది. ఇగ బతుకుత అనుకున్న."

అంతకు మించి చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఇంకేం వినాల్సి వస్తుందోనని నా భయం.

ఇంటికొచ్చాక అత్తమ్మ తన మాట బయటపెట్టింది. కొడుకు లోపల ఉన్నప్పుడు ఆమె దేవునికి మాట ఇచ్చుకుంది. వాడు బయటికొస్తే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతానని, వాడే లేచి నిలబడి అందరి ముందూ సాక్ష్యం చెప్తాడని.

"సీజన్ అయిపోనియ్యి అత్తమ్మా," అన్నాను.

"ఎందుకు?"

"అయిపోనియ్యి."

"బతికినోడు బతికినప్పుడే చెప్పాలె గని, పంచాంగం చూసుకొని చెప్తాడే?"

అత్తమ్మకు నా మీద కోపం వచ్చింది. ఆమెకు ఎలా చెప్పను? ఆ పొద్దున మొగుడు వడ్లలో కూరుకుపోతుంటే నేను తెల్ల దుప్పట్లు చూసి సంతోషపడ్డాను. ఎవరి పుణ్యమో అనుకున్నాను. ఇక సంతోషమనే మాట నోట్లోంచి వస్తే వెనకే ఏదో కీడు వస్తుందన్న భయం నన్ను గట్టిగా పట్టుకుంది. వడ్ల లారీలు ఇంకా బారు తీరే ఉన్నాయి. ఈయన మళ్లీ దిగాలి. మళ్లీ దిగేవాడికి ముందే ఎలా స్తోత్రం చెప్తాం? బక్కమ్మ అత్త, చర్చి వాళ్లు, సందులో వాళ్లు అందరూ "ఎట్లున్నవ్ దీపా" అని అడిగారు. "నాకేమైంది, మంచిగున్న" అని అందరికీ అదే జవాబు చెప్పాను.

ప్రశాంత్ కొన్నాళ్లు ఇంట్లో ఉండి మళ్లీ మిల్లుకు పోయాడు. ముందు కళ్లంలో వడ్లు ఆరబెట్టే పనిలో వేశారు. పొద్దున పోయేవాడు, సాయంత్రం వచ్చేవాడు, పూర్ణిమను లెక్కలు అడిగేవాడు. పూర్ణిమ మా బిడ్డ, రెండో తరగతి. ఎప్పుడడిగినా మంచిగనే ఉన్నానన్నాడు. నేను నమ్మాలనే చూశాను.

కానీ పడక గడప దగ్గరికి మార్చుకున్నాడు. తల బయటికీ కాళ్లు లోపలికీ పెట్టి పడుకుంటున్నాడు. స్నానానికి పోతే తలుపు వేసుకోడు, నేను కాపలా ఉండాలి. చలి మొదలైనా దుప్పటి నడుము దాటి పైకి రానివ్వడు. ఇవన్నీ చూసి కూడా చూడనట్టే ఉన్నాను.

నేను దాచుకున్నదాన్ని బయటికి లాగింది మా ఆడబిడ్డ కవిత వదిన. ఆమెను కోదాడలో ఇచ్చారు, అక్కడి మాటే అబ్బింది. తమ్ముణ్ని చూడ్డానికి బస్సు దిగి వచ్చింది. అందరం కూర్చుని తింటున్నాం. నేను ప్రశాంత్ కంచంలో అన్నం పెట్టాను. ఆయన పప్పు వడ్డించుకోకుండా ముందు వేళ్లతో ఆ అన్నం కుప్పను మెల్లగా పక్కలకు నెట్టి, కంచం నిండా పలచగా పరిచాడు. తర్వాతే పప్పుకు కంచం చాపాడు. వదిన ముద్ద నోటి దగ్గర ఆపింది.

"ఏంటి దీపా, వీడు అన్నం కుప్పను చూసి భయపడుతున్నాడు. నువ్వు చూడట్లేదా?"

"ఏం లేదక్కా," అన్నాడు ప్రశాంత్. "మంచిగనే ఉన్న."

"నీ మంచిగనే నాకొద్దురా. చిన్నప్పుడు పాలకీడులో తేలు కుట్టినా మంచిగనే ఉన్న అన్నావు. కాలు వాచి చెప్పు పట్టకపోతే అప్పుడు తెలిసింది మాకు. దీపా, వీడు బాగున్నాను అంటే మాత్రం నమ్మకు. ఒరేయ్, కోదాడ వచ్చేయ్. మా షాపులో కూర్చుందువు గాని."

"సీజన్ అయినాక చూద్దాం."

వదిన నవ్వుతూనే చెప్పింది. పూర్ణిమ కూడా తేలు కథ విని నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఇన్నాళ్లూ ఆయన మాట పట్టుకుని ఈత కొడుతున్నాను. ఆ మాటే నమ్మదగ్గది కాకపోతే ఇక దేన్ని పట్టుకోవాలి?

ఈలోగా గట్టయ్య మామ సంగతి వేరేగా నడిచింది. మిల్లులో ఆయన చేతి నుంచి తాడు తీసేసి చీపురు ఇచ్చారు. తాడు పట్టుకుని జరదా నములుతూ ముచ్చట్లు పెట్టాడనీ, పిలవాల్సినప్పుడు పిలవలేదనీ అన్నారు. ఎవరన్నారంటే అందరూ అన్నారు. దిగే కుర్రాళ్లు మొహం మీదే చెప్పారట, ఈయన తాడు పడితే మేము దిగమని. అరచేతుల కట్లు ఇంకా విప్పలేదు, ఆ చేతులతోనే కళ్లం ఊడ్చేవాడు. మా ఇంటి ముందు నుంచే పోయేవాడు కానీ తల ఎత్తేవాడు కాదు.

ఒక సాయంత్రం ఆయనా బక్కమ్మ అత్తా వచ్చారు. ఆయన లోపలికి రాలేదు, గడప బయటే గొంతుక్కూర్చున్నాడు. ప్రశాంత్ అప్పుడే వచ్చి చాయ్ తాగుతున్నాడు.

"సూర్యాపేట పోయొచ్చిన," అన్నాడు గట్టయ్య మామ. "పెద్ద దవాఖానకు."

"ఏమైంది మామా?" అన్నాను.

"చెవులు సూపిచ్చుకొచ్చిన బిడ్డా. నేను ఉన్నవా అని పిలిసిన. వీడు ఉన్న అన్నట్టే ఇనపడ్డది నాకు. మల్ల పిలిసేసరికి పలుకు లేదు. మొదటిసారే వీడు మునుగుతున్న అన్నడేమో, నా చెవి తప్పు ఇన్నదేమో అని. ముసలోణ్ని అయితున్న గద. అద్దాల గదిల కూసోబెట్టి చెవులకు ఏందో తగిలిచ్చి సూసిండ్రు."

"ఏమన్నారు?"

"రెండు చెవులు మంచిగున్నయంట."

బక్కమ్మ అత్త అందుకుంది. "మంచిగున్నయంటే సంబురపడాలె గద. ఈయన గా బస్సుల కూసొని ఏడ్చిండు."

"మంచిగుంటే మరి ఎట్ల తప్పిన?" అన్నాడు గట్టయ్య మామ. నన్ను కాదు, ప్రశాంత్‌ను కూడా కాదు, గడపను అడుగుతున్నట్టు అడిగాడు. "చెవిటోణ్ని అయితే గదొక తీరు. మంచి చెవులు పెట్టుకొని నిన్ను సంపబోయిన్నా బిడ్డా?"

ప్రశాంత్ చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. చేతులు కడుక్కుంటానని వెనక్కి పోయాడు. చాయ్ తాగినవాడు చేతులెందుకు కడుక్కోవాలి? వాళ్లు వెళ్లిపోయేదాకా రాలేదు. నేను పోయి చూస్తే దండెం దగ్గర, ఆరని దుప్పటిని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు. బూడిద పడుతోంది. దులపాలన్న ధ్యాస నాకూ రాలేదు.

"ఏమైందయ్యా?"

"ఏం కాలే."

"ఏం కాకుంటే ఇట్లెందుకున్నవ్?"

"సోమవారం పెద్ద బిన్నుకు దిగమన్నరు," అన్నాడు. "మళ్ల అట్ట కట్టిందంట."

నేను ఆయన చేతుల్లోంచి దుప్పటి లాగేసుకున్నాను. ఆయన ఆ రాత్రి భోజనం దగ్గర తల్లిని పిలిచి, "అమ్మా, ఈ ఆదివారం కూడిక పెట్టు," అన్నప్పుడు మరీ భయపడ్డాను. దిగే ముందు రోజు కృతజ్ఞత చెప్తానంటున్న మనిషి మళ్లీ బయటికి రానేమోననే చెప్తున్నాడా అనిపించింది. అత్తమ్మ మాత్రం అప్పుడే పాస్టరుగారికి ఫోన్ కలిపింది.

ఆదివారం మధ్యాహ్నం మా వాకిట్లో చాపలు పరిచాం. క్రిస్మస్ నెల కాబట్టి ఇంటి మీద నక్షత్రం కట్టాం. పులిహోర గిన్నెల మీద బూడిద పడకుండా పేపర్లు కప్పి, పూర్ణిమను కాపలా పెట్టాను. చర్చి వాళ్లు వచ్చారు, మిల్లు వాళ్లు వచ్చారు. గట్టయ్య మామ దంపతులను నేనే పోయి పిలిచాను. వాళ్లు మా చర్చి వాళ్లు కాదు, అయినా మా ఇంట్లో ఏది జరిగినా వచ్చేవాళ్లే. ఆ రోజు మాత్రం మామ చాపల దాకా రాలేదు. అందరూ చెప్పులు విడిచిన చోట, ప్రహరీకి ఆనుకుని కూర్చున్నాడు. మిల్లు వాళ్లు ఆయన వైపు వీపు పెట్టి కూర్చున్నారు.

పాటలు పాడారు. ప్రార్థన అయింది. పాస్టరుగారు వాక్యం చెప్పి, "ఇప్పుడు మన తమ్ముడు ప్రశాంత్ సాక్ష్యం చెప్తడు," అన్నారు. సాక్ష్యాలు ఎలా ఉంటాయో మా అందరికీ తెలుసు. చీకట్లో దేవుణ్ని పిలిచాను, ఆయన చెయ్యి చాపాడు, లేవనెత్తాడు, స్తోత్రం. అత్తమ్మ ముందుగానే కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

ప్రశాంత్ లేచాడు. "అందరికి వందనాలు," అన్నాడు.  తర్వాత జనం మీదుగా ప్రహరీ వైపు చూశాడు.

"కాక పిలిసిండు," అన్నాడు. "నాకు ఇనపడ్డది."

ఎవరికీ అర్థం కాలేదు.

"అట్ట కూలింది. నడుము దాకా మునిగిన. అప్పుడే కాక ఉన్నవా అన్నడు. నేను ఉన్న అన్న. కాక చెవులు తప్పు ఇనలే. నేనన్నదే ఇన్నడు."

గట్టయ్య మామ లేచి నిలబడ్డాడు. చెప్పుల మధ్య నిలబడి అక్కడి నుంచే అడిగాడు.

"నడుము దాకా మునిగి ఉన్న అన్నవా?"

"అన్న."

"ఎందుకు బిడ్డా?"

"అట్లనే వచ్చింది నోటికి కాకా. మెల్లగ నేనే ఎల్లుత అనుకున్న. రెండోసారి పిలిసినవ్. అప్పటికి నోట్లె దుమ్ము."

ప్రశాంత్ చాపల మీది మనుషుల వైపు తిరిగాడు. "ఇంటికొచ్చినంక గూడ అదే చెప్తున్న. మంచిగున్న అని. మంచిగ లేను. బిన్ను మూత చూస్తే భయమైతుంది. అన్నం చూస్తే భయమైతుంది. నా నడుము పట్టి ఆపింది కాక తాడు. కాక చేతులు చూడుండ్రి. ఇదే నా సాక్ష్యం."

కూర్చున్నాడు. పాస్టరుగారు, "అంతేనా తమ్ముడూ?" అన్నారు. "అంతే అయ్యగారూ," అన్నాడు. అత్తమ్మ ఏడుపు ఆపేసి కొడుకును కొత్తగా చూసినట్టు చూసింది. మిల్లు వాళ్లలో ఒకడు పక్కకు జరిగి చాప మీద చోటు చేశాడు. గట్టయ్య మామ వచ్చి ఆ చోట్లో కూర్చున్నాడు. ఆయన ఆ రోజు పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాడు.

చేతులు కడుక్కునేటప్పుడు ప్రశాంత్ దగ్గరికి వచ్చి చిన్నగా అన్నాడు. "ఇగ నుంచి ఉన్నవా అని అడగ. ఉన్నవని నాకెరికే, లేకుంటే యాడికి పోతవ్? ఎంత దాకా అని అడుగుత. మోకాళ్లంటే మోకాళ్లని చెప్పాలె. మోకాళ్లు దాటితే గేటు మూయిస్త. సరేనా?"

"సరే కాకా."

సోమవారం దిగవద్దని నేను పట్టుబట్టాను. ఏడ్చాను, తిట్టాను, కోదాడ పోదామన్నాను. "దిగుత దీపా. భయం ఉండంగనే దిగుత. కాక ఉన్నడు," అన్నాడు. మామ పొద్దున్నే పోయి సేటుతో మాట్లాడి తన తాడు తాను తీసుకున్నాడట. కింద గేటు దగ్గర ఒక మనిషి కదలకుండా నిలబడాలని కూడా ఒప్పించాడట.

నేను మధ్యాహ్నం సద్ది పట్టుకుని మిల్లుకు పోయాను. నిజానికి సద్ది సాకు. బిన్ను పక్కన నిలబడి ఇనుప రేకు మీద అరచెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. లోపల వడ్లు జారుతున్న చప్పుడు చేతికి తెలుస్తోంది, రేకు వెనక ఏదో పెద్ద జీవం ఊపిరి తీస్తున్నట్టు. పైనుంచి గట్టయ్య మామ గొంతు వినిపించింది.

"ఎంత దాకా?"

జవాబు రావడానికి పట్టిన ఆ కాస్త సేపట్లో నేను చచ్చి బతికాను.

"పాదాలు."

గడ్డపార దెబ్బలు. వడ్ల చప్పుడు.

"ఎంత దాకా?"

"మడమల పైకి."

మళ్లీ దెబ్బలు. ఒక్కసారిగా రేకు అదిరింది. ఏదో కూలింది.

"ఎంత దాకా?"

"మోకాళ్లు. కాకా, మోకాళ్లు."

"గేటు," అని మామ అన్నాడో లేదో, కింద నిలబడ్డ మనిషి "గేటు మూసినం" అన్నాడు. నా చేతి కింద చప్పుడు ఆగిపోయింది. సద్ది గిన్నె ఎప్పుడు జారిందో, చింతకాయ పప్పు నా కాళ్ల మీద ఉంది.

ప్రశాంత్ ఆ సీజన్‌లో ఇంకా దిగాడు. దిగిన ప్రతిసారీ నేను చిమ్నీ వైపే చూస్తూ కుట్టాను, ఎన్ని జాకెట్లకు చేతులు తిరగేసి ఎక్కించానో లెక్క లేదు. భయం తగ్గిందని చెప్తే అబద్ధం. కానీ ఇంట్లో ఒక కొత్త మాట మొదలైంది. పూర్ణిమ లెక్కల పరీక్షకు పోతుంటే వాళ్ల నాన్న గడప దగ్గర ఆపి "ఎంత దాకా?" అన్నాడు. అది కాసేపు ఆలోచించి "మోకాళ్లు" అంది. "అయితే ఫరవాలే, పో," అన్నాడు. అత్తమ్మ బీపీ మాత్రలు అయిపోయి, చెప్పకుండా కూర్చుంటే ఆమెనూ అదే అడిగాడు. ఆమె "నడుము" అని ఒప్పుకుంది. మేము నవ్వుకున్నాం. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు, నేను అన్నీ చూసుకునే మనిషిని కదా.

సంక్రాంతి దాటాక వడ్ల లారీలు పలచబడ్డాయి. ఒక రోజు మిల్లు ఆగింది. ఈసారి ఆగాల్సి ఆగింది. మర్నాడు అందరం పాలకీడు పోయాం, అత్తమ్మ వాళ్ల తమ్ముడి పొలానికి. కాలువ నీళ్లు వదిలారు. ఒక మడిలో యాసంగి నారు లేత పచ్చగా ఉంది, పక్క మడిలో ట్రాక్టరు దమ్ము చేస్తుంటే వెనక తెల్ల కొంగలు గుంపుగా నడుస్తున్నాయి. పూర్ణిమ కాలువ మెట్ల మీద కాళ్లు తడుపుకుంటోంది. అత్తమ్మ గట్టు మీద కొంగు పట్టి గంగవాయిలి కూర తెంపుతోంది. గాలిలో బూడిద లేదు. ప్రశాంత్ సద్ది విప్పి, అన్నం పెట్టుకుని, కుప్పను పరచకుండానే కూర వేసుకున్నాడు.

నేను అది చూశాను. చూసి సంతోషం వచ్చింది. ఆ సంతోషం వెనకే ఆ పాత భయమూ వచ్చింది. గిన్నె మూత పెట్టబోతే మూత అంచుకు తగిలి టకటకమంది.

ప్రశాంత్ తినడం ఆపాడు. "ఎంత దాకా?" అన్నాడు.

"ఏంది?"

"నిన్నే. ఎంత దాకా?"

"నాకేమైంది, మంచిగనే ఉన్న."

"గది కాదు నేను అడిగింది."

కొంగలు ట్రాక్టరు వెంట మళ్లీ ఇటు తిరిగాయి. నేను వాటినే చూశాను. తెల్లగా ఉన్నాయి. ఆ పొద్దున దండెం మీద దుప్పట్లు కూడా ఇలాగే ఉన్నాయి.

"మెడ దాకా," అన్నాను.

చెప్పేశాక ఆగలేదు. తెల్ల దుప్పట్ల సంగతి, ఎవరి పుణ్యమో అనుకున్న సంగతి, అప్పటి నుంచి మంచి అన్నది ఏది కనపడినా నాకు ప్రాణం మీదికి వస్తున్న సంగతి, మొత్తం చెప్పాను. ఆయన తింటున్న చెయ్యి కడుక్కోకుండానే జరిగి నా పక్కన కూర్చున్నాడు. భుజం భుజానికి తగిలింది. 

"గేటు మూసిన," అన్నాడు. "ఇగ మెల్లగ రా."

ఏడ్చాను. అత్తమ్మ గట్టు మీద నుంచి తల ఎత్తి, "ఏమైందే దీపా?" అని కేక వేసింది.

ఏం కాలేదత్తమ్మా అని నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను.

"భయమైంది అత్తమ్మా," అన్నాను. "మస్తు దినాల నుంచి. ఇప్పుడు దిగుతున్నది."

అత్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"అయితే స్తోత్రం," అని మళ్లీ వంగి కూర తెంపుకోసాగింది.